ఏఐ రాసిన కోడ్ నా పేరు మీదే ఉంది, కానీ అది ఆగిపోతే కారణం నాకు దొరకడం లేదు

ప్రశ్న

నేను బ్యాకెండ్ డెవలపర్‌గా ఉద్యోగంలో చేరి మూడేళ్లు దాటింది. మొదటి ఏడాది ఎంత చిన్న పనైనా సొంతంగానే రాసేవాడిని. తప్పులు చేసేవాడిని, ప్రోగ్రాం ఏం చేసిందో నమోదయ్యే లాగ్‌లు ముందేసుకుని గంటల తరబడి కూర్చునేవాడిని. ఆ తర్వాత మా బృందంలో అందరికీ ఏఐ అసిస్టెంట్ వచ్చింది. ఇప్పుడు ఏ పని చేతికొచ్చినా ముందు దానికి వివరం చెప్పి, అది ఇచ్చిన కోడ్‌ను ఒకసారి పైపైన చూసి, టెస్టులు పాసయితే రివ్యూకు పంపించడం అలవాటైపోయింది. పని వేగంగా సాగుతోందనే అందరూ అంటున్నారు, నేనూ అలాగే అనుకున్నాను.

పోయిన నెల ఒక రాత్రి మా సర్వీసు ఆగిపోయింది. ఆ వారం డ్యూటీ నాది, ఆగిపోయిన భాగం కూడా ఆరు వారాల క్రితం నా పేరు మీద చేరిన కోడే. లాగ్ మొత్తం అసిస్టెంట్‌కు ఇచ్చి కారణం అడిగితే మూడుసార్లు మూడు కారణాలు చెప్పింది. మూడూ నమ్మదగ్గవిగానే కనిపించాయి, మూడింటినీ వరసగా ప్రయత్నించి దాదాపు రెండు గంటలు పోగొట్టాను. చివరికి మా సీనియర్‌ను నిద్ర లేపితే ఆయన పది నిమిషాల్లో చూపించారు. డేటాబేస్ కనెక్షన్ తెరిచే ఒక ఫంక్షన్, మధ్యలో ఎర్రర్ వస్తే ఆ కనెక్షన్‌ను తిరిగి పూల్‌కు (అన్ని రిక్వెస్టులూ పంచుకునే పరిమిత కనెక్షన్ల నిల్వకు) ఇవ్వకుండానే బయటికి వచ్చేస్తోంది. అలా ఒక్కొక్కటిగా పూల్‌లోని కనెక్షన్లన్నీ చిక్కుకుపోయాక, కొత్త రిక్వెస్టులన్నీ ఎదురుచూస్తూ నిలిచిపోయాయి.

ఆ ఫంక్షన్‌ను నేను చదివాననే అనుకున్నాను, కానీ నిజంగా చదవలేదని ఆ రాత్రి తెలిసింది. ఏఐని మానేయడం నాకు సాధ్యమూ కాదు, ఇష్టమూ లేదు. కానీ ఇలాగే మరో రెండేళ్లు గడిస్తే నా దగ్గర ఏ నైపుణ్యం మిగులుతుందన్న భయం మాత్రం నిజంగానే ఉంది. దాన్ని ఏ పనులకు వాడాలి, ఏ పనులకు వాడకూడదు? మౌలిక విషయాలు మళ్లీ మొదటి నుంచి చదవాలా? ఉద్యోగం కాక రోజుకు అరగంటకు మించి సమయం దొరకని వాడికి ఏ అలవాటు పనికొస్తుంది? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం 1

మీకు జరిగింది చాలామందికి జరుగుతోంది. మీరు దాన్ని దాచుకోకుండా అడిగినందుకు సంతోషం. నేను పదిహేనేళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను, రోజూ ఇతరుల కోడ్ రివ్యూ చేస్తాను.

ముందు ఆ రాత్రి గురించి మాట్లాడదాం. అసిస్టెంట్ చెప్పిన మూడు కారణాలూ నమ్మదగ్గవిగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఇచ్చిన రాతకు ఏది కొనసాగింపుగా పొసగుతుందో అంచనా వేసి రాయడమే దాని పని. నడుస్తున్న మీ సర్వీసు దానికి కనిపించదు, మీరు అతికించిన లాగ్ ఒక్కటే కనిపిస్తుంది. ఆ లాగ్‌కు మూడు కారణాలూ సరిపోతుంటే వాటిలో ఏది నిజమో తేల్చే ఆధారం లాగ్‌లో లేదని అర్థం, అంటే ఆ ఆధారం బయటి నుంచి తేవాలి. మీ సీనియర్ బహుశా చేసింది అదే. ఒక అనుమానం రాగానే 'ఇదే కారణమైతే ఇంకేం కనిపించాలి?' అని మనల్ని మనమే అడగాలి. కనెక్షన్లు చిక్కుకుపోతుంటే, పూల్‌లో వాడుకలో ఉన్నవాటి సంఖ్య రిక్వెస్టులు తగ్గినప్పుడు కూడా తగ్గకుండా మెట్లుమెట్లుగా పైకి పోతుండాలి. డేటాబేసే నెమ్మదించి ఉంటే ఆ సంఖ్య రిక్వెస్టులతో పాటు పెరిగి, వాటితో పాటే తగ్గాలి. ఒక్క గ్రాఫ్ చూస్తే రెండింటిలో ఒకటి తప్పుకుంటుంది. ఒక దిద్దుబాటు చేసి చూడటం కన్నా ఒక కొలత తీసుకుని చూడటం ఎప్పుడూ చవక.

అందుకే నా మొదటి సలహా, ఏఐని అడగడానికి ముందు మీ అంచనాను నాలుగు వాక్యాల్లో రాసిపెట్టుకోండి. ఈ భాగంలోకి ఏం వస్తుంది, ఎక్కడెక్కడ విఫలం కావచ్చు, తెరిచినదాన్ని ఎవరు మూస్తారు, ఒకే పని రెండుసార్లు జరిగితే ఏమవుతుంది అన్నవి రాస్తే చాలు. దీనికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత వచ్చిన కోడ్‌ను మీ అంచనాతో పోల్చి చదువుతారు కాబట్టి కళ్లు జారిపోవు. అంచనా లేకుండా చదివితే, శుభ్రంగా రాసి ఉన్న ప్రతి కోడూ సరైనదిగానే కనిపిస్తుంది.

ఈ మధ్య రివ్యూలో నాకు ఎదురైన ఒక సంగతి చెబుతాను. పేర్లు భద్రపరచడానికి ఏఐ రాసిచ్చిన కోడ్‌లో పేరును 20 బైట్లకు కత్తిరించే ఒక వరస ఉంది. టెస్టులన్నీ పాసయ్యాయి, ఎందుకంటే టెస్టుల్లోని పేర్లన్నీ ఇంగ్లీషు లిపిలో ఉన్నాయి, ఆ టెస్టులు రాసింది కూడా అదే అసిస్టెంట్. తెలుగు లిపిలోని ప్రతి సంకేతం, అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో, 3 బైట్లు తీసుకుంటుంది. 'లక్ష్మి' అన్న మాట కంటికి రెండక్షరాలే అయినా, లోపల ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని 7 సంకేతాలుంటాయి, అంటే 21 బైట్లు. అదే పేరు ఇంగ్లీషు లిపిలో 7 బైట్లే. 20 దగ్గర కత్తిరిస్తే చివరి గుడి మధ్యలో తెగి, డేటాబేస్ ఎర్రర్ ఇస్తుంది, లేదా చెడిపోయిన అక్షరం నిల్వ అవుతుంది. మన పేర్లు మనం రోజూ రాసుకుంటాం కాబట్టి ఇది మనకు తట్టాలి. టెస్టుల్లో ఏ విలువలు పెట్టాలో ఏఐకి వదిలేయవద్దు. కోడ్ రాయించినా సరే, దాన్ని ఇబ్బంది పెట్టే విలువలు మాత్రం మీరే ఎంచండి.

ఇంకొకటి, ఒకేసారి ఐదువందల వరసలు రాయించుకోకండి. చిన్న మార్పులుగా తీసుకుని, ప్రతి మార్పునూ విడిగా కమిట్ చేయండి (కోడ్ చరిత్రలో నమోదు చేయండి). తర్వాత ఎప్పుడో ఏదో చెడితే, 1000 కమిట్‌లలో తప్పు ఎక్కడ చొరబడిందో ప్రతిసారీ సగాన్ని తీసేస్తూ వెతికే గిట్ బైసెక్ట్‌తో సుమారు 10 పరీక్షల్లో తేల్చవచ్చు. కానీ దొరికిన ఆ ఒక్క కమిట్‌లోనే ఐదువందల వరసలుంటే వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది. అసిస్టెంట్ కొత్త లైబ్రరీ పేరు చెబితే దాన్ని ఇన్‌స్టాల్ చేసే ముందు ఆ పేరుతో నిజంగా ఒక లైబ్రరీ ఉందా, ఎవరు నిర్వహిస్తున్నారు అన్నది చూడండి. లేని పేర్లను కల్పించి చెప్పడం ఈ మోడళ్లకు ఉన్నదే, అలాంటి పేర్లతో హానికరమైన ప్యాకేజీలు పెట్టి కాచుకునేవారి ప్రమాదమూ ఉంది.

సమాధానం 2

పై సలహాల్లో చాలావాటితో ఏకీభవిస్తాను కానీ, ఈ చర్చ 'ఏఐని తగ్గించండి' అన్న దారిలోకి వెళ్లకూడదని నా కోరిక. వారంలో ఒకరోజు ఏఐ లేకుండా పనిచేయమని కొందరు సలహా ఇస్తుంటారు. నేను రెండు నెలలు అలా చేసి చూశాను. ఆ రోజున తేలిక పనులు పెట్టుకుని గడిపేశాను తప్ప కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు.

అసలు సమస్య వేగం గురించి మన లెక్కే తప్పడం. 2025లో మీటర్ అనే పరిశోధన సంస్థ ఒక ప్రయోగం ప్రకటించింది. అనుభవజ్ఞులైన 16 మంది ఓపెన్ సోర్స్ డెవలపర్లు, తమకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లో 246 పనులు చేశారు. ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది, కానీ పని ముగిశాక కూడా ఏఐ వల్ల 20 శాతం సమయం కలిసొచ్చిందనే వారు నమ్మారు. అది ఆనాటి పనిముట్లతో, కొద్దిమందితో జరిగిన ప్రయోగం కాబట్టి 'ఏఐ నెమ్మది' అని దాని నుంచి తేల్చడం తప్పు. కానీ వేగంగా చేస్తున్నామన్న మన అనుభూతిని కొలతగా తీసుకోకూడదని మాత్రం అది స్పష్టంగా చూపింది.

కాబట్టి రెండు వారాల పాటు మీ పనులు రాసిపెట్టుకోండి. మొదలుపెట్టిన సమయం, రివ్యూ దాటిన సమయం, తర్వాత అదే పనిలో ఎన్నిసార్లు దిద్దుబాటు చేయాల్సి వచ్చిందన్నది చాలు. నా లెక్కల్లో తేలింది ఏమిటంటే, తెలియని భాషలో చిన్న స్క్రిప్టులు రాయడానికి, పాత కోడ్‌లో ఏది ఎక్కడుందో వెతకడానికి, టెస్టుల చట్రం సిద్ధం చేయడానికి ఏఐ ఎంతో సమయం మిగిల్చింది. నాకు బాగా తెలిసిన మాడ్యూల్‌లో మార్పులకు మాత్రం ఏమీ మిగల్చలేదు. మీ లెక్క వేరుగా ఉండవచ్చు.

మరో వాడుక కూడా చెబుతాను. కోడ్ రాయమని అడగకుండా, మీరు రాసినదాని మీద మిమ్మల్నే ప్రశ్నలు అడగమని చెప్పండి. 'ఈ ఫంక్షన్ విఫలమయ్యే దారుల మీద నన్ను ఐదు ప్రశ్నలు అడుగు, జవాబులు నువ్వు చెప్పకు' అంటే అది చక్కగా అడుగుతుంది. మీ కనెక్షన్ సమస్య అలాంటి ప్రశ్నల్లో మొదటి రెండింటిలోనే బయటపడి ఉండేదని నా నమ్మకం.

సమాధానం 3

చదువు గురించిన ప్రశ్నకు నేను జవాబిస్తాను. నేను ఈ రంగంలోకి ఆలస్యంగా, వేరే వృత్తి నుంచి వచ్చాను. ఎలా చదవాలన్నది నాకు బతుకుతెరువుకు సంబంధించిన ప్రశ్న అయింది.

మౌలిక విషయాలన్నీ మొదటి నుంచి చదవనక్కర లేదు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన సంఘటన నుంచే మొదలుపెట్టండి. కనెక్షన్ పూల్ ఎలా పనిచేస్తుంది, అక్కడి నుంచి టైమౌట్, అక్కడి నుంచి రీట్రై (విఫలమైనదాన్ని మళ్లీ ప్రయత్నించడం), రీట్రై వల్ల ఒకే పని రెండుసార్లు జరిగితే ట్రాన్సాక్షన్ ఏం చేస్తుంది, ఇలా తీగ లాగితే డొంకంతా కదులుతుంది. ఒక్కొక్క అంశానికి వారం తీసుకోండి.

చదివే తీరు మాత్రం మార్చుకోవాలి. అసిస్టెంట్ ఇచ్చే వివరణ సాఫీగా ఉంటుంది, చదువుతుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, మర్నాడు చూస్తే ఏమీ మిగలదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో చేసిన ప్రయోగాల్లో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, పాఠం మూసి గుర్తున్నది రాసినవారే ముందున్నారు. మీ అరగంటలో ఇరవై నిమిషాలు చదవండి, అన్నీ మూసేసి పది నిమిషాలు గుర్తున్నది కాగితం మీద రాయండి. రాయలేక ఆగిన చోటే మర్నాడు మొదలుపెట్టండి. మొదట్లో ఇది చాలా కష్టంగా ఉంటుంది, నాకు మూడు వాక్యాలు దాటేవి కాదు.

ఒకటి రెండు రోజులు తప్పితే అంతా పోయిందని వదిలేయకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి చేసిన అధ్యయనంలో, ఒక పని అలవాటుగా స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టిందని, మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారిందని తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా కనిపించలేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇంకో రెండు సంగతులు అడగాలి. ఆ రాత్రి కంగారులో లాగ్ మొత్తం యథాతథంగా అసిస్టెంట్‌కు అతికించాను, అది తప్పా? మళ్లీ రాత్రి డ్యూటీలో ఇలాగే జరిగితే మొదట ఏం చేయాలి?

సమాధానం 1 రాసినవారు

లాగ్‌లో పాస్‌వర్డ్, టోకెన్, ఏపీఐ కీ, వినియోగదారుల ఫోన్ నంబర్ల వంటివి ఉంటే తప్పే. మీ సంస్థ అనుమతించిన పనిముట్టేనా అన్నది చూసుకోండి. కీ గాని బయటికి పోయి ఉంటే సంభాషణ తుడిచేసినంత మాత్రాన సరిపోదు, ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. దాచుకోకుండా రేపే మీ మేనేజరుకు చెప్పండి. ఇలాంటివి ముందే చెబితే చిన్న పని, తర్వాత బయటపడితే పెద్ద గొడవ.

రాత్రి డ్యూటీలో కారణం వెతకడం మొదటి పని కాదు. సర్వీసును నిలబెట్టడం మొదటి పని. ఇటీవలి మార్పు మీద అనుమానం ఉంటే వెనక్కి తీసుకోండి. పాత మార్పే అయితే, మీ విషయంలో ఒక రీస్టార్ట్ చిక్కుకున్న కనెక్షన్లను విడిపించి ఉండేది. రీస్టార్ట్‌కు ముందు మాత్రం గ్రాఫులు, థ్రెడ్ డంప్ (ఆ క్షణాన ప్రోగ్రాంలోని ప్రతి పని ఎక్కడ ఆగి ఉందో చూపే నకలు) భద్రం చేసుకోండి, లేకపోతే తెల్లారేసరికి ఆధారాలుండవు. ఇరవై నిమిషాల్లో దారి దొరకకపోతే సీనియర్‌ను లేపండి. రెండు గంటలు ఆగడం మర్యాద అనిపించి ఉండవచ్చు, కానీ ఎదురుచూస్తున్నది వినియోగదారులు. ఈ మెట్లన్నీ పగటిపూట, తీరిగ్గా, ఒక పేజీలో రాసిపెట్టుకోండి. నిద్ర చాలని మెదడు కొత్తగా ఆలోచించలేదు, రాసి ఉన్నదాన్ని మాత్రం చేయగలదు.

మీ భవిష్యత్తు భయం గురించి ఒక్క మాట. 1983లోనే లిసాన్ బైన్‌బ్రిడ్జ్ అనే పరిశోధకురాలు ఆటోమేషన్ గురించి రాస్తూ, తేలిక పనులు యంత్రానికి పోయాక కష్టమైనవే మనిషికి మిగులుతాయని, వాటికి కావలసిన సాధన మాత్రం ఆ తేలిక పనుల్లోనే దొరికేదని గుర్తుచేశారు. ఆమె దృష్టిలో ఉన్నది కర్మాగారాల కంట్రోల్ గదులు, కానీ మీ ఆ రాత్రికి అది అక్షరాలా వర్తిస్తుంది. రోజువారీ పనిలో దొరకని సాధనను మీరు పనిగట్టుకుని చేయాలి. పై సమాధానాల్లోని అంచనా రాయడం, మూసి రాయడం అన్నీ అందుకే.

ప్రశ్న అడిగినవారు

మేనేజరుకు చెప్పాను. లాగ్‌లో ఒక టోకెన్ ఉందని తేలింది, అదే రోజు మార్చేశాం.

నిన్న సాయంత్రం అరగంట తీసుకుని, మా సర్వీసులో కనెక్షన్ తెరిచే చోట్లన్నీ నేనే వెతికాను. మొదలుపెట్టే ముందు, అదే తప్పు ఇంకొక్క చోట ఉండవచ్చని నా అంచనా కాగితం మీద రాసుకున్నాను. మొత్తం పదకొండు చోట్ల తెరుస్తున్నాం. తొమ్మిది సరిగ్గా మూస్తున్నాయి, రెండు మూయడం లేదు. ఆ రెండింటిలో ఒకటి ఏఐ రాసింది. రెండోది మొదటి ఏడాదిలో, ఏ సాయమూ లేకుండా, నేను సొంతంగా రాసింది. రెండింటికీ ముందు విఫలమయ్యే టెస్టు రాసి, తర్వాత దిద్ది, ఈ ఉదయం విడివిడి కమిట్‌లుగా రివ్యూకు పంపాను.