పట్టా మీద ‘దూరవిద్య’ అని ముద్రించాలా?

బల్లచెక్క: సూటిగా అడుగుతున్నాను. ఇంట్లో కూర్చుని చదివిన డిగ్రీ మీద ‘దూరవిద్య’ అన్న మాట ఉండాలా, వద్దా? ఉండాలనే అంటాను. 2012 నుంచి ఉచిత ఆన్‌లైన్ కోర్సులు వెల్లువలా వచ్చాయి. చాలా కోర్సుల్లో చేరినవాళ్ళలో చివరిదాకా నిలిచేది నూటికి పది పదిహేను మందే. అదీ, రోజూ క్లాసుకు వెళ్ళి చదివిందీ ఒకటేనా?

రాత్రిబండి: ఊరికే పేరిచ్చి వదిలేసే కోర్సునూ, ఫీజు కట్టి పరీక్షలు రాసి తెచ్చుకున్న డిగ్రీనీ ఒకే గాటన కట్టకండి. లండన్ విశ్వవిద్యాలయం 1858లోనే ఎక్కడ చదువుకున్నవాళ్ళకైనా పరీక్ష పెట్టి డిగ్రీ ఇవ్వడం మొదలుపెట్టింది. చూడాల్సింది పరీక్షను, కుర్చీని కాదు.

బల్లచెక్క: నూటికి పది పదిహేను. దానికి జవాబు రాలేదు.

రాత్రిబండి: పైనే చెప్పాను కదండీ.

తెల్లకాగితం: మండేలా జైల్లో ఉండగానే 1989లో దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం నుంచి దూరవిద్యలో లా డిగ్రీ తెచ్చుకున్నారు. ఆయన పట్టాకీ ముద్ర వేద్దామా?

బల్లచెక్క: అందరూ మండేలాలు కారు. సైన్సు సంగతేంటి? ప్రయోగాలు వంటింట్లో చేస్తారా?

రాత్రిబండి: చేశారు! బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీలో 1971లో పాఠాలు మొదలయ్యాయి. సైన్సు విద్యార్థుల ఇళ్ళకు ప్రయోగ సామాన్ల పెట్టెలు పంపేవారు, సూక్ష్మదర్శినితో సహా. వేసవిలో క్యాంపస్‌కు రప్పించి పాఠాలు చెప్పేవారు.

ముద్ర అంటే ఏంటో మీకు తెలీదు. మూడేళ్ళు నైట్ డ్యూటీ చేస్తూ చదివాను. ఇంటర్వ్యూలో ఫైలు తెరిచి, “ఓహో, దూరవిద్యా” అని మూసేశారు. సబ్జెక్టులో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

బల్లచెక్క: మీ ఒక్కరికేనా బాధలు? పద్దెనిమిదేళ్ళు పాఠాలు చెప్పాను. ఒక సెమిస్టరంతా నా క్లాసులు రికార్డు చేశారు. మరుసటేడు ఆ వీడియోలే పెట్టి నా గంటలు సగానికి కోసేశారు. అందులో నేను వేసిన జోకులు కూడా అలాగే ఉన్నాయి. పిల్లలకు డౌటొస్తే చెప్పే మనిషి మాత్రం లేడు.

గాలిపటం: ఇదన్నమాట అసలు సంగతి.

రాత్రిబండి: అంటే మీ గొడవ మీ యాజమాన్యంతో. శిక్ష మాత్రం నా పట్టాకా?

బల్లచెక్క: కోపంలో ఎక్కువే అన్నానేమో. ఒకటి చెప్పండి. మీ కోర్సులో డౌటొస్తే ఎవర్ని అడిగేవారు?

రాత్రిబండి: అసైన్‌మెంట్లు దిద్దే మాస్టారొకరు ఉండేవారు. ఎర్ర సిరాతో మార్జినంతా నింపి పంపేవారు. ఆయన ముఖం ఎప్పుడూ చూడలేదు. నిజం చెప్పాలంటే పాస్ అయ్యానంటే సగం ఆయన చలవే.

బల్లచెక్క: ఆ పనిలో ఇప్పుడు ఎవరున్నారు?

రాత్రిబండి: ఎవరూ లేరు. ఇప్పుడన్నీ టిక్కు పెట్టే ప్రశ్నలేనట, కంప్యూటరే దిద్దేస్తోందట. అది నాకూ నచ్చలేదు. అయినా ముద్ర మాత్రం వద్దు.