రియాక్షన్ మనది, ముఖం వేరేవాళ్లది: ఏఐ ఫేస్ స్వాప్‌తో షార్ట్ వీడియోలు చేయడం తప్పా?

మబ్బుచాటు:
ఎనిమిది నెలలుగా ఒక చిన్న రియాక్షన్ ఛానెల్ నడుపుతున్నాను. ట్రైలర్లు, వైరల్ క్లిప్పులు చూసి నలభై యాభై సెకన్లలో నాకేమనిపించిందో చెప్పడం, అంతే. మొదట్లో నా ముఖంతోనే చేశాను. నా పళ్ల గురించి, రంగు గురించి వచ్చిన కామెంట్లు చదివి చదివి చివరికి కెమెరా ఆన్ చేయాలంటేనే టెన్షన్ పట్టుకుంది. రెండు నెలల నుంచి ఫేస్ స్వాప్ వాడుతున్నాను. గొంతు నాది, మాటలు నావి, నవ్వు కూడా నాదే, ముఖం మాత్రం నా ఫ్రెండ్‌ది. ఫోటో తనే ఇచ్చింది. నిన్న ఒకరు "ఇది మోసం" అని కామెంట్ పెట్టారు, రాత్రంతా అదే తిరుగుతోంది బుర్రలో. మాస్క్ పెట్టుకుంటే ఎవరూ మోసం అనరు, కార్టూన్ అవతార్ పెట్టుకున్నా అనరు. మరి ఇదెందుకు మోసం? సూటిగా చెప్పండి.

పగటివెన్నెల:
నా దృష్టిలో మోసం కాదు. ముఖం దాచుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది. 2020లో వచ్చిన 'వెల్‌కమ్ టు చెచ్న్యా' డాక్యుమెంటరీ చూడండి. ప్రాణభయంతో దేశం వదిలి పారిపోతున్న వాళ్ల ముఖాల మీద, ఇష్టపడి ముందుకొచ్చిన వేరేవాళ్ల ముఖాలు అమర్చారు. మామూలుగా చేసినట్టు ముఖం మొత్తం మసకగా చేసేసి ఉంటే వాళ్ల భయం మనదాకా వచ్చేదే కాదు. మీకున్నది ప్రాణభయం కాకపోవచ్చు కానీ, మాట మనిషిది, ముఖం రక్షణ కోసం అన్న సూత్రం మాత్రం అదే.

కట్టింగ్‌టేబుల్:
ఆ ఉదాహరణ మంచిదే, కానీ సగమే చెప్పారు. ముఖాలు మార్చామని ఆ సినిమా మొదట్లోనే రాసి చూపిస్తుంది. పైగా మార్చిన ముఖాల అంచుల్లో కొంచెం మసక కావాలనే వదిలేశారు, ముఖం మార్చారని చూసేవాళ్లకి తెలియాలని. మబ్బుచాటు గారి వీడియోల్లో అలాంటిదేమైనా ఉందా?

నేను ఎడిటింగ్ చేస్తాను కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఒక్క ఫోటో ఇస్తే చాలు అనే ఉచిత టూల్స్‌లో చాలావాటి వెనక ఉన్నది ఇన్‌స్వాపర్ 128 అనే ఏఐ మోడల్. ఆ 128 ఏంటంటే, అది తయారుచేసే ముఖం 128 పిక్సెళ్ల పొడవు, 128 పిక్సెళ్ల వెడల్పు. అంత చిన్న ముఖాన్ని ఇంకో మోడల్‌తో సాగదీసి, పదును పెట్టి, నున్నగా చేసి మళ్లీ వీడియోలో అతికిస్తారు. ఆ నునుపులో ముందు పోయేవి కంటి కొసల దగ్గర ముడతలు, నవ్వు ఆపుకునేటప్పుడు పెదవి చివర వచ్చే చిన్న వణుకు. రియాక్షన్ వీడియోకి ప్రాణమే అవి కదా. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే ముఖం వేళ్ల మీదకి పాకుతుంది, తల పూర్తిగా పక్కకి తిప్పితే చెంప వణుకుతుంది. దాంతో ఏం జరుగుతుందంటే, చేసేవాళ్లు కొన్నాళ్లకి తెలియకుండానే తల కదపకుండా, చేతులు కిందే ఉంచి, కనుబొమలు అవసరానికి మించి పైకెత్తడం అలవాటు చేసుకుంటారు. అప్పటికి మీరు క్లిప్‌కి స్పందించడం మానేసి, మోడల్‌కి నచ్చేలా నటిస్తున్నట్టే. నాకు అన్నింటికంటే బాధగా అనిపించేది ఇదే.

నీటిరాత:
నాకు క్వాలిటీ కంటే ఆ ఫ్రెండ్ గురించి దిగులుగా ఉంది. రియాక్షన్ వీడియో అంటే ఒక రకంగా సాక్ష్యం. ఇది చూశాను, నాకిలా అనిపించింది అని ఒక మనిషి ముఖం మీద చెప్పడం. మాస్క్‌కి పేరుండదు, ఇల్లుండదు, ఉద్యోగముండదు. మీ ఫ్రెండ్‌కి అవన్నీ ఉన్నాయి. రేపు మీరు ఒక పాట బాలేదని తిడితే చూసేవాళ్ల దృష్టిలో తిట్టింది తనే. ఫోటో ఒక్కసారి ఇచ్చింది, మాటలు మాత్రం మీరు రోజూ మారుస్తున్నారు. ఆ మాటలన్నిటికీ తను ఒప్పుకున్నట్టేనా?

మా ఇంట్లో జరిగింది కాబట్టే ఇంత గట్టిగా అంటున్నాను. మా తమ్ముడి ముఖాన్ని క్లాసులో ఎవరో సరదాకి ఇలాగే వాడారు. అసభ్యంగా ఏమీ లేదు. ఒక యాక్సిడెంట్ క్లిప్ చూస్తూ వాడు పగలబడి నవ్వుతున్నట్టు, పదిహేను సెకన్లు, అంతే. అది ఫేక్ అని రెండో రోజుకే అందరికీ తెలిసింది. అయినా వాడితో మాట్లాడటం మానేసిన ఒక స్నేహితుడు, వాళ్లింట్లో అలాంటి ప్రమాదమే జరిగిన పిల్లవాడు, ఇప్పటికీ మాట్లాడడు. ఫేక్ అని తెలుసు, కానీ ఆ నవ్వు కళ్లారా చూశాడు కదా.

తూర్పుగాలి:
మీ తమ్ముడికి జరిగింది దారుణం, కానీ అక్కడ అడగకుండా వాడారు, ఇక్కడ అడిగి వాడారు. రెండూ ఒకటి ఎలా అవుతాయండీ? సినిమాల్లో ఎన్నో ఏళ్లుగా ఒకరి ముఖానికి ఇంకొకరి గొంతు పెడుతున్నారు, డబ్బింగ్‌ని ఎవరూ నేరమనరు. ఈ టెక్నాలజీ చెడ్డచోట బయటికొచ్చిందన్నది నిజమే, 2017 చివర్లో రెడిట్ అనే చర్చల సైట్‌లో సెలబ్రిటీల ముఖాలతో అశ్లీల వీడియోలుగా మొదలైంది, 2018 ఫిబ్రవరిలో ఆ గ్రూపునే మూసేశారు. అంతమాత్రాన కామెంట్లకి భయపడి ముఖం దాచుకునే మనిషిని వాళ్లతో ఒకే గాటన కట్టడం అన్యాయం. అంత అనుమానంగా ఉంటే ఎవరిదీ కాని ముఖం వాడండి. లేని మనుషుల ముఖాలు ఏఐతో నమ్మేలా తయారవుతున్నాయని 2019 నుంచే చూస్తున్నాం.

నీటిరాత:
డబ్బింగ్ చెప్పేవాళ్లకి ఏ డైలాగ్ చెబుతున్నారో ముందే తెలుసు. ఆ ఫ్రెండ్‌కి తెలుసా అనేదే నా ప్రశ్న. ఎవరిదీ కాని ముఖం సలహా బాగుంది, దాన్ని నేను కాదనను.

పగటివెన్నెల:
ఇందులో ఇంకో మనిషిని మర్చిపోతున్నాం. ఇదే ట్రిక్‌ని తిరగేసి వాడేవాళ్లున్నారు, ఎవరో చేసిన రియాక్షన్ క్లిప్ తీసుకుని దాని మీద తమ ముఖం అతికించి సొంతదిలా పెట్టేవాళ్లు. ఆ నవ్వు, ఆ టైమింగ్ కష్టం ఎవరిదో చూసేవాళ్లకి తెలియనే తెలియదు. 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖంతో లిఫ్ట్ వీడియో వచ్చినప్పుడు ముఖం ఎవరిదో ఆవిడ గురించి అందరం మాట్లాడాం, మాట్లాడాల్సిందే. కానీ ఆ వీడియోలో నిజంగా నడిచొచ్చిన అమ్మాయి వేరే, ఆమె అనుమతి కూడా ఎవరూ అడగలేదు. మబ్బుచాటు గారు ఆ పని చేయడం లేదు, అందుకే ఆయన లేదా ఆవిడ వైపే ఉంటాను. కానీ ముఖం మార్చామని చెప్పే లేబుల్ విషయంలో కట్టింగ్‌టేబుల్ గారన్నది ఒప్పుకుంటున్నాను.

కట్టింగ్‌టేబుల్:
లేబుల్ అంటే యాప్‌లో టిక్ పెట్టడం ఒక్కటే కాదు. నిజంలా కనిపించేలా మార్చిన వీడియో అయితే చెప్పాలని యూట్యూబ్ 2024 మార్చి నుంచి అడుగుతోంది, మంచిదే. కానీ ఎవరైనా స్క్రీన్ రికార్డ్ చేసి వేరేచోట పెట్టగానే ఆ గుర్తు పోతుంది. ఏఐతోనే ఏఐని పట్టేద్దాం అంటారా, డీప్‌ఫేక్‌లని, అంటే ఇలా ఏఐతో ముఖం మార్చిన వీడియోల్ని, గుర్తుపట్టడానికి ఫేస్‌బుక్ పెట్టి 2020లో ఫలితాలు చెప్పిన పోటీలో, ముందుగా చూపించని వీడియోల మీద మొదటి స్థానంలో నిలిచిన మోడల్ కూడా దాదాపు 65 శాతమే సరిగ్గా చెప్పగలిగింది. కాబట్టి మాట ఫ్రేమ్‌లోనే ఉండాలి, వీడియోతో పాటే ప్రయాణం చేయాలి.

మబ్బుచాటు:
అందరివీ చదివాను. నీటిరాత గారి ప్రశ్న దగ్గర ఆగిపోయి, రాత్రి నా ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి వీడియోలన్నీ చూపించాను. పద్దెనిమిది ఉన్నాయి. నిజం చెప్పాలంటే తను అంతకుముందు రెండే చూసింది. మొదట నవ్వుతూనే చూసింది. ఒక కొత్త నటుడి మీద నేను కాస్త వెటకారంగా మాట్లాడిన వీడియో దగ్గర ఆపి, "నాకు ఇతనంటే ఇష్టం, నేనిలా అనను కదా" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. తను వద్దన్న నాలుగు తీసేశాను. మిగతావి ఉంచమంది కానీ, ఇకపై నేను తన ముఖం వాడదలచుకోలేదు. నా ముఖంతో రావడానికి ఇంకా ధైర్యం చాలడం లేదు, అది కూడా దాచను. ఎవరిదీ కాని ముఖంతో, ముఖం ఏఐది, మాట నాది అని వీడియో మీదే రాసి ప్రయత్నిస్తాను. ఎక్కడ రాస్తే బాగుంటుంది?

కట్టింగ్‌టేబుల్:
పైభాగంలో రాయండి, మొదటి సెకను నుంచి చివరిదాకా ఉంచండి. కిందైతే క్యాప్షన్, బటన్లు కప్పేస్తాయి. చెయ్యి ముఖం మీదకి వెళ్లిన ఫ్రేములు కట్ చేయకండి, స్వాప్ చెదిరినా పర్లేదు, ఆ కదలికైనా మీదే కదా. అప్‌లోడ్ చేసే ముందు కావాలంటే నాకు పంపండి, చూసి చెబుతాను.