చెరువు ఏరియేటర్ షాఫ్ట్‌కు ప్లాస్మా నైట్రైడింగ్: గట్టిపడింది, తుప్పూ పట్టింది. ఎందుకు?

ఉప్పుటేరు_ఫిట్టర్:
మొగల్తూరు వైపు రొయ్యల చెరువుల్లో తిరిగే ప్యాడిల్ ఏరియేటర్ల షాఫ్టులండి. 316 స్టెయిన్‌లెస్, 25 మి.మీ. నైలాన్ బుష్ కూర్చునే చోట గాడి పడుతోందని ప్లాస్మా నైట్రైడింగ్ (వాక్యూమ్ ఛాంబర్‌లో కరెంటుతో నైట్రోజన్‌ను లోహం పైపొరలోకి ఎక్కించి గట్టిపరచడం) చేయించాం. 520 డిగ్రీలు, 20 గంటలు. ఆకురాయి జారిపోయేంత గట్టిగా వచ్చింది. కానీ ఉప్పు నీళ్లలో దించగానే గోధుమరంగు మచ్చలు మొదలయ్యాయి, కీవే (కీ బిగించే గాడి) దగ్గర మరీ ఎక్కువ. వట్టి 316కి ఇలా రాలేదు. లోపం మెటీరియల్‌దా, ప్రాసెస్‌దా? అయాన్ ఇంప్లాంటేషన్ (నైట్రోజన్ అయాన్ల కిరణాన్ని లోహంలోకి కొట్టడం) అయితే తుప్పు రాదంటున్నారు, నిజమేనా?

హెచ్‌వి_మైక్రో:
తప్పు ఉష్ణోగ్రతదండి. 520 అనేది ఈఎన్ 41బి, ఈఎన్ 19 లాంటి, స్టెయిన్‌లెస్ కాని అల్లాయ్ స్టీళ్లకు వాడే లెక్క. 316లో 16 నుంచి 18 శాతం క్రోమియం ఉంటుంది, తుప్పును ఆపేది అదే. 520 దగ్గర క్రోమియం కదిలి నైట్రోజన్‌తో కలిసి క్రోమియం నైట్రైడ్‌గా విడిపోతుంది. గట్టిదనం వస్తుంది, కాపాడే క్రోమియం మాత్రం చుట్టూ తగ్గిపోతుంది. 400–430 మధ్య ఉంచితే నైట్రోజన్ లోపలికి వెళ్తుంది కానీ క్రోమియం కదలలేదు. అప్పుడు వచ్చే పొరను ఎస్-ఫేజ్ అంటారు. 20 గంటలకు సుమారు 10 మైక్రాన్లు, గట్టిదనం 1000 హెచ్‌వి (వికర్స్ కొలత) పైనే, తుప్పు గుణం కూడా చెడదు.

చేయించేటప్పుడు థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) ఎక్కడ పెట్టారో తప్పక అడగండి. ఛాంబర్ గోడ దగ్గర కాదు, అదే సైజు డమ్మీ ముక్కలో ఉండాలి. ముందు ఆర్గాన్, హైడ్రోజన్‌తో స్పటరింగ్ (అయాన్లతో కొట్టి ఉపరితలాన్ని శుభ్రం చేయడం) చేసి పైనున్న ఆక్సైడ్ పొర తీసేయాలి, లేకపోతే నైట్రోజన్ దిగదు. తర్వాత 25 వంతుల నైట్రోజన్, 75 వంతుల హైడ్రోజన్, కొన్ని మిల్లీబార్ల పీడనం. కటింగ్ ఆయిల్ మిగిలితే ఆర్కింగ్ అయి చుక్కలు పడతాయి.

మీ కీవే సంగతి వేరే. ఇరుకు గాడిలో రెండు గోడల గ్లో (లోహం చుట్టూ మెరిసే ప్లాస్మా) ఒకదానిలో ఒకటి కలిసిపోతే అక్కడ వేడి మిగతా షాఫ్ట్ కంటే బాగా పెరుగుతుంది, హాలో క్యాథోడ్ అంటారు. కీవేలో మైల్డ్ స్టీల్ పట్టీ బిగించి లోడ్ చేయమనండి.

ఇక గ్రైండింగ్, పాలిష్ అంతా ముందే అయిపోవాలి. తర్వాత గ్రైండింగ్ చేస్తే 10 మైక్రాన్ల పొర మొత్తం పోతుంది. పరీక్ష కూడా రాక్‌వెల్‌తో కాదు, ఆ సూది పొరను దాటి మెత్తని లోపలి లోహాన్నే కొలుస్తుంది. 25–50 గ్రాముల లోడుతో మైక్రో వికర్స్ అడగండి.

అయాన్ ఇంప్లాంటేషన్ ఈ పనికి వద్దు. 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల నైట్రోజన్ కిరణం దిగేది ఒకటి రెండు వందల నానోమీటర్లే. పైగా కిరణానికి ఎదురుగా ఉన్న వైపే పడుతుంది, షాఫ్ట్‌ను వాక్యూమ్‌లో తిప్పుతూ ఉండాలి. ఇసుక రేణువు ముందు అంత పలుచని పొర నిలవదు.

లేత్_తణుకు:
పైన చెప్పినదంతా సరే. నా లెక్కలో అసలు దోషి బుష్. ఇసుక నైలాన్‌లో గుచ్చుకుని ఉండిపోతుంది, అదే షాఫ్ట్‌ను అరగదీస్తుంది. కింద 316 మెత్తగా ఉంటే పైన 10 మైక్రాన్లు గుడ్డు పెంకులా పగులుతుంది. ముందు బుష్‌కు రెండు వైపులా లిప్ సీల్ పెట్టండి. ఇంకా అరిగితే షాఫ్ట్‌ను వదిలేసి, ఆ ఒక్క చోట స్లీవ్ (పైన తొడిగే గొట్టం) వేసి దానిపై హెచ్‌వీఓఎఫ్ (మహా వేగంగా పొడిని చిమ్మే మంట స్ప్రే) పద్ధతిలో టంగ్‌స్టన్ కార్బైడ్-కోబాల్ట్-క్రోమ్ కోటింగ్ చేయించండి. 0.15–0.2 మి.మీ. మందం, డైమండ్ వీల్‌తో గ్రైండింగ్. అరిగినా స్లీవే మారుతుంది.

ఉప్పుటేరు_ఫిట్టర్:
థాంక్సండి ఇద్దరికీ. ఇప్పటికే చేయించిన షాఫ్టులు పనికొస్తాయా?

హెచ్‌వి_మైక్రో:
316ఎల్ (కార్బన్ తక్కువ ఉన్న రకం) అయితే పనికొస్తాయండి. పాడైన పొర పోయేలా పక్కకు 0.1 మి.మీ. చొప్పున గ్రైండింగ్ చేసి, ఇంకా మచ్చ కనిపిస్తే కాస్త తీసి, తగ్గిన సైజుకు కొత్త బుష్ బోర్ చేయించుకోండి. కీవే గోడలు కూడా మిల్లింగ్‌లో తీయించి పెద్ద కీ వేయాలి. ఎల్ కాని 316 అయితే 520లో 20 గంటలకు లోపల గ్రెయిన్ (లోహపు స్ఫటికాల) అంచుల్లో క్రోమియం కార్బైడ్ చేరి, అక్కడ తుప్పు పట్టే గుణం వచ్చి ఉండొచ్చు. దాన్ని సరిచేయాలంటే 1050కి వేడిచేసి నీళ్లలో ముంచాలి, అంత పొడవు షాఫ్ట్ వంగిపోతుంది. అలాంటివి మంచినీటి చెరువులకు పంపండి, ఉప్పులో దించకండి.