స్కూల్ బోర్డు ఎన్నికకు యార్డ్ సైన్లు: ఎన్ని, ఎలా, ఎక్కడ? (టెక్సస్)

ప్రశ్న (ఫ్రిస్కో): మా సబ్‌డివిజన్ నుంచి ఒకాయన మే నెలలో జరిగే స్కూల్ బోర్డు ఎన్నికకు నిలబడుతున్నారు. యార్డ్ సైన్ల (ఇళ్ల ముందు పాతే ప్రచార బోర్డుల) పని నాకు అప్పజెప్పారు. ఏ సైజు, ఎన్ని కొట్టించాలి? హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు పీకేయమంటే ఏం చెయ్యాలి? ఖర్చు నలుగురం తలా కొంత వేసుకుందాం అనుకుంటున్నాం. అందులో ఇద్దరు హెచ్‌1బీ మీద ఉన్నారు.

జవాబు (ప్లేనో): అన్నిటికన్నా ముందు ఆ డబ్బు సంగతి తేల్చండి. పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ లేనివాళ్లు అమెరికాలో ఏ ఎన్నికకూ చందా ఇవ్వకూడదు. అది ఫెడరల్ చట్టం, స్కూల్ బోర్డుకైనా వర్తిస్తుంది. ప్రింటరు బిల్లు వాళ్ల కార్డు మీద కట్టినా అది చందా కిందే లెక్క. గ్రీన్ కార్డు ఉంటే ఇవ్వొచ్చు. హెచ్‌1బీ మిత్రులు జీతం తీసుకోకుండా సైన్లు పాతిపెట్టడానికి రావచ్చు, అందులో తప్పేం లేదు. ఇంకొకటి, అభ్యర్థి ట్రెజరర్ (ప్రచారం డబ్బు లెక్కలు చూసే మనిషి) నియామక పత్రం దాఖలు చేశాకే చందా తీసుకోవాలి, ఖర్చు పెట్టాలి. అది అయ్యేదాకా సైన్లు ఆర్డర్ పెట్టొద్దు.

జవాబు (ఇర్వింగ్): ఇళ్ల ముందుకి 18 x 24 అంగుళాలు, 4 మిల్లీమీటర్ల కోరోప్లాస్ట్ (లోపల సన్నని గొట్టాలుండే ప్లాస్టిక్ షీటు), రెండు వైపులా ఒకే ప్రింటు. ఆర్డర్ ఇచ్చేటప్పుడు షీటులోని గొట్టాలు నిలువుగా, అంటే 18 అంగుళాల వైపు, ఉండాలని రాతపూర్వకంగా చెప్పండి. అడ్డంగా వస్తే హెచ్ స్టేక్ (సైన్‌ని నేలలో నిలబెట్టే H ఆకారపు చట్రం) కమ్మీలు లోపలికి దిగవు, సరుకంతా వృథా. స్టేకులు (10 x 30 అంగుళాలు) చాలాచోట్ల విడిగా కొనాలి, ధర అడిగేటప్పుడే కలిపి అడగండి.

సంఖ్య ఊహించి చెప్పకండి. పెట్టుకుంటామన్న ఇళ్ల జాబితా ముందు రాయండి, దానికి ఏడో వంతు కలపండి. గాలికి, గడ్డి కోసేవాళ్లకి, దొంగలకి అంత పోతుంది. చేతిలో 250 ఇళ్లుంటే 300 సరిపోతాయి. జాబితా లేకుండా 500 కొట్టిస్తే సగం గరాజులో ఉంటాయి.

ప్రశ్న (ఫ్రిస్కో): ఆయన ఇంటిపేరు ఇంగ్లీషులో 14 అక్షరాలండి. మొత్తం పేరు వెయ్యాలంటున్నారు.

జవాబు (ఇర్వింగ్): లెక్క చూడండి. అంచులు వదిలితే 22 అంగుళాల వెడల్పు మిగులుతుంది. 14 అక్షరాలకి ఒక్కోదానికి అంగుళంన్నర. అక్షరం ఎత్తు అంగుళం ఉంటే పది అడుగుల నుంచి హాయిగా చదవొచ్చన్నది సైన్లవాళ్ల లెక్క. గంటకు 40 మైళ్ల మీద కారు సెకనుకు దాదాపు 59 అడుగులు పోతుంది. అంటే పేరు కంటికి ఆనేలోపే కారు దాటిపోతుంది. బ్యాలెట్ మీద పొట్టి పేరు ఉంటే అదే పెద్దగా వెయ్యండి. టెక్సస్‌లో కనీసం మూడేళ్లుగా అందరూ పిలిచే ముద్దుపేరును బ్యాలెట్ మీద వేయించుకోవచ్చు, కానీ దరఖాస్తులోనే రాయాలి. సైన్ మీద ఒకటి, బ్యాలెట్ మీద ఇంకొకటి ఉంటే ఓటరు తికమకపడతాడు. ఫోటో, నినాదం, క్యూఆర్ కోడ్ ఏవీ వద్దు. ముదురు నీలం మీద తెలుపు ఎంత దూరానికైనా కనిపిస్తుంది. తెలుగు లిపి కరపత్రం మీద వేసుకోండి.

జవాబు (ప్లేనో): సైన్ మీద మూడు తప్పనిసరి. రాజకీయ ప్రకటన అన్న మాటతో పాటు డబ్బు కట్టినవారి పూర్తి పేరు. హైవే రైట్ ఆఫ్ వేలో (రోడ్డుకి చెందిన పక్క స్థలంలో) పెట్టడం చట్టవిరుద్ధమన్న నోటీసు, చట్టంలో ఉన్న ఇంగ్లీషు వాక్యం అక్షరం మారకుండా. ఆయన ప్రస్తుతం పదవిలో లేరు కాబట్టి పదవి పేరు ముందు 'ఫర్', పదవి పేరులో సగం సైజుకి తగ్గకుండా. ఈ మూడోదాన్ని డిజైనర్లు అందం కోసం చిన్నది చేస్తారు, ప్రూఫులో స్కేలు పెట్టి కొలవండి.

హెచ్‌ఓఏ గురించి భయం వద్దు. ఎన్నికకు 90 రోజుల ముందు నుంచి తర్వాత 10 రోజుల వరకు ఇంటి యజమాని సొంత స్థలంలో అభ్యర్థికి ఒక సైన్ పెట్టుకోవచ్చు. కానీ నేలలో పాతినదై ఉండాలి, చెట్టుకో స్తంభానికో కట్టింది కాదు. 4 x 6 అడుగులు మించితే వాళ్లు ఆపొచ్చు. అందుకని 4 x 8 అడుగుల పెద్ద బోర్డులు హెచ్‌ఓఏ లేని స్థలాలకి ఉంచండి. 36 చదరపు అడుగులు, 8 అడుగుల ఎత్తు దాటనంత వరకు, లైట్లు లేకపోతే, ప్రైవేటు స్థలంలో నగరం పర్మిట్ అడగడానికి లేదు. అద్దె ఇల్లయితే యజమానిని అడిగాకే.

జవాబు (మెకిన్నీ): పాతడం గురించి. మన దగ్గర నల్లరేగడి. ఎండితే రాయి, వానపడితే బురద. ముందు రీబార్ (ఇనుప కడ్డీ) ముక్కని సుత్తితో ఆరంగుళాలు దింపి బెజ్జం చెయ్యండి, తర్వాత స్టేక్ కింది అడ్డకమ్మీ మీద కాలు పెట్టి తొక్కండి. సైన్ పై అంచు పట్టుకుని నొక్కితే గొట్టాలు చీలిపోతాయి, రెండో రోజే గాలికి ఎగిరిపోతుంది. సైన్ రోడ్డుకి లంబంగా, రెండు వైపుల నుంచి వచ్చేవాళ్లకీ కనిపించేలా తిప్పండి. కాలిబాటకీ రోడ్డుకీ మధ్య ఉన్న గడ్డి పట్టీ చాలా ఊళ్లలో రైట్ ఆఫ్ వే కిందికే వస్తుంది, అక్కడ వద్దు. పూలపాదు అంచున పెడితే మోవరు తగలదు.

4 x 8కి టీ పోస్టులు (ఇనుప స్తంభాలు) దింపే ముందు, రెండు పనిదినాలు ఉండగానే 811కి (నేలలోని పైపులు, వైర్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టేవాళ్లకి) ఫోన్ చెయ్యండి. స్ప్రింక్లర్ పైపులు వాళ్లు గుర్తుపెట్టరు, ఇంటివాళ్లనే అడగాలి.

వంద సైన్లు పేరిస్తే మందం 40 సెంటీమీటర్లే, కారు డిక్కీలో పడతాయి. చోటు తినేది స్టేకులే. కారుకి ఇద్దరు, ఒకరు నడుపుతూ చిరునామాలు టిక్ పెడుతుంటే ఇంకొకరు దిగి పాతాలి. మే ఎన్నికకి ముందస్తు ఓటింగ్ ఎన్నిక రోజుకి 12 రోజుల ముందు మొదలవుతుంది. దానికి రెండు వారాల ముందు ఒకే వారాంతంలో అన్నీ లేవాలి.

ప్రశ్న (ఫ్రిస్కో): పోలింగ్ కేంద్రం దగ్గర?

జవాబు (ప్లేనో): ఓటర్లు లోపలికి వెళ్లే బయటి తలుపు నుంచి 100 అడుగుల లోపల సైన్ ఉండకూడదు, అభ్యర్థి పేరున్న టీషర్టు కూడా. ఆ గీత బయట పెట్టుకోవచ్చు కానీ పార్కింగ్, గడ్డి విషయంలో ఆ భవనం వాళ్ల నియమాలు వేరుగా ఉంటాయి, ముందురోజే కనుక్కోండి. టేపు తీసుకెళ్లండి, కాలి అడుగులతో కొలవకండి.

జవాబు (మెకిన్నీ): తీసేటప్పుడు అదే చిరునామాల జాబితా పట్టుకుని వెళ్లండి, పది రోజుల్లోపే. స్టేక్ గడ్డిలో ఉండిపోతే మోవరు బ్లేడు విరుగుతుంది. స్టేకులు తుప్పు పట్టకుండా తుడిచి కట్టలు కట్టి ఉంచండి, తర్వాతి ఎన్నికకు పనికొస్తాయి.