బతుకమ్మ రోజు అమెరికా కాంగ్రెస్‌కి పోటీ చేసే అభ్యర్థులు వస్తే స్టేజి మీద ఏం చదవాలి?

స్టేజి కమిటీ:
అందరికీ నమస్కారం. 2024 అక్టోబర్ 5 శనివారం బతుకమ్మకి వర్జీనియా 10వ డిస్ట్రిక్ట్ (మన కాంగ్రెస్ నియోజకవర్గం) అభ్యర్థులిద్దరినీ పిలిచాం: డెమొక్రాట్ సుహాస్ సుబ్రమణ్యం, రిపబ్లికన్ మైక్ క్లాన్సీ. ఆరోగ్యం బాగాలేక ఇప్పటి సభ్యురాలు జెన్నిఫర్ వెక్స్‌టన్ మళ్లీ పోటీ చేయట్లేదు కాబట్టి గెలిచినవాళ్లెవరైనా కాంగ్రెస్‌కి కొత్తే. సుహాస్ గారి పరిచయం ఇలా రాశా, చూడండి:

"మన బిడ్డ సుహాస్ హ్యూస్టన్‌లో పుట్టారు. ఒబామా వైట్‌హౌస్‌లో టెక్నాలజీ పాలసీ సలహాదారుగా పనిచేశారు. 2019లో రాష్ట్ర హౌస్‌కి, 2023లో రాష్ట్ర సెనేట్‌కి గెలిచారు. పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే జూన్ ప్రైమరీలో పన్నెండు మందిలో మొదట నిలిచారు. మనమంతా ఆయన వెంటే!"

ట్రెజరర్:
అన్నా, మొదటి రెండు మాటలు, చివరి వాక్యం తీసెయ్. మనది 501(సి)(3) సంస్థ, అంటే పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థ. ఏ అభ్యర్థినీ బలపరచకూడదని 1954 నుంచి చట్టం ఉంది, తేడా వస్తే పన్ను మినహాయింపుకే ఎసరు. శాలువాలు కూడా వద్దు. ఒకాయనకి కప్పి ఇంకొకాయనకి మర్చిపోయామంటే ఫోటోలు చూసి జనం మనల్ని ఆడుకుంటారు.

స్టేజి కమిటీ:
సరే, తీసేశా. మరి క్లాన్సీ గారి గురించి లాయర్, బిజినెస్ ఎగ్జిక్యూటివ్ అని ఒక్క లైనే ఉంది నా దగ్గర.

ట్రెజరర్:
ఇద్దరి టీమ్‌లనీ చెరి ఎనభై పదాలు పంపమను. పాలసీలు కూడా వాళ్ల మాటల్లోనే ఉండాలి, మనం సొంతంగా ఒక్క ముక్క కలపొద్దు.

ప్రశ్నల కమిటీ:
డల్లెస్ గ్రీన్‌వే రోడ్డు టోల్ గురించి అడగమని ఇప్పటికే నలుగురు మెసేజ్ పెట్టారు. రోజూ ఆష్‌బర్న్ నుంచి ఆ రోడ్డెక్కేవాళ్ల మంట నాకు తెలుసు (నేనూ అందులో ఒకడినే). సుహాస్ గారు రాష్ట్ర సభలో దాని మీద గట్టిగానే పనిచేశారు. కానీ ఆ రేటు తేల్చేది రాష్ట్ర కమిషన్, కాంగ్రెస్ కాదు. రెండు నిమిషాల్లో వాళ్ల చేతిలో ఉన్నదే అడుగుదాం. నా ఓటు గ్రీన్ కార్డుకే. ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి ఉన్న 7 శాతం పరిమితి మార్చాలంటే కాంగ్రెస్సే మార్చాలి. "ఆ మార్పుకి మీరు ఓటేస్తారా, వెయ్యరా?" అని ఇద్దరినీ అదే మాటల్లో అడగాలి.

రిజిస్ట్రేషన్ టేబుల్:
అక్కా, అన్నా, ఒక్క విషయం. మైకులో "అందరూ ఓటరుగా రిజిస్టర్ చేసుకోండి" అనొద్దు, దయచేసి. పోయినసారి గ్రీన్ కార్డు ఉన్న ఒక బాబాయ్ గారు ఉత్సాహంగా ఫారం సగం నింపేశారు, పిన్ని గారు చూసి చేతిలోంచి లాక్కున్నారు కాబట్టి సరిపోయింది! సిటిజన్ కానివాళ్లు సంతకం పెడితే వాళ్ల ఇమ్మిగ్రేషన్‌కే ముప్పు. "సిటిజన్లు మాత్రమే, గడువు అక్టోబర్ 15" అని తెలుగులో పెద్దక్షరాలతో బోర్డు రాసి పెడతా. ముందస్తు ఓటింగ్ సెప్టెంబర్ 20 నుంచే మొదలైంది, అది కూడా రాస్తా.

పూల కమిటీ:
మీ స్పీచ్‌లన్నీ సాయంత్రం 5 గంటల లోపు ముగించండి. బతుకమ్మలు మధ్యలో పెట్టాక ఆడవాళ్లు ఎవరి కోసమూ ఆగరు.

స్టేజి కమిటీ:
4:30కి మొదలు, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు, ఒక ప్రశ్న. ఎవరు ముందు మాట్లాడాలో బొమ్మా బొరుసూ వేద్దాం. మా ప్రింటర్‌లో ఇంకు అయిపోయింది, పరిచయాల కాగితాలు ఎవరు తెస్తారు?