నోట్లో పుండ్లు, అరచేతుల్లో పొక్కులు: ఎంపాక్స్ (మంకీపాక్స్) కావచ్చా?

ప్రశ్న:
మా తమ్ముడికి ముందు జ్వరం, ఒళ్ళునొప్పులు. ఆ తర్వాత నాలుక మీద, బుగ్గల లోపల పుండ్లు, గుటక వేస్తే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నోటిపూత అనుకుని జెల్ రాస్తుంటే ఇప్పుడు మొహం మీద, అరచేతుల్లో గట్టి పొక్కులు లేచాయి, మెడ పక్కన బిళ్ళలు కట్టాయి. ఆటలమ్మ వాడికి చిన్నప్పుడే వచ్చిపోయింది. ఎంపాక్స్ నోట్లో కూడా వస్తుందా? ఇంట్లో చిన్నపిల్ల ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
వస్తుందండి. కొందరికి ఒంటి మీద కనపడకముందే నాలుక మీద, నోటి లోపల మొదలవుతుంది, అప్పుడు గొంతు ఇన్ఫెక్షన్ అనుకుని వదిలేస్తారు. చర్మం మీద ముందు మచ్చ, అది బుడిపె అయి, నీరు పట్టి, చీములా మారి, చెక్కు కట్టి రాలిపోతుంది, మొత్తం 2 నుంచి 4 వారాలు పడుతుంది. పొక్కు లోతుగా గట్టిగా ఉంటుంది, చాలాసార్లు నడుమ చిన్న గుంట కూడా. ఆటలమ్మ ఎక్కువగా ఛాతీ, వీపు మీద పోస్తుంది, అరచేతుల్లో అరుదు. అన్నిటికన్నా మీరు చెప్పిన ఆ బిళ్ళల్నే నేను పట్టించుకుంటాను, ఆటలమ్మలో అవి అంతగా కట్టవు.

జవాబు 2:
నిజమే, కానీ 2022 నుంచి చూస్తున్న కేసుల్లో చాలావాటికి ఈ వరస లేదు. జ్వరమే లేకుండా జననాంగాల దగ్గరో నోటి చుట్టూనో ఒకటి రెండు పొక్కులతో సరిపోయినవాళ్ళూ ఉన్నారు. పైగా చేతులు, కాళ్ళు, నోట్లో పొక్కులు లేచే హ్యాండ్ ఫుట్ మౌత్ అనే వైరల్ జబ్బు పెద్దవాళ్ళకీ వస్తుంది, సిఫిలిస్ అనే సుఖవ్యాధిలోనూ అరచేతుల్లో మచ్చలు లేస్తాయి. అందుకే ఫొటో చూసి ఎవరు తేల్చి చెప్పినా నమ్మకండి, పొక్కు నుంచి స్వాబ్ (దూదిపుల్లతో శాంపిల్) తీసి, వైరస్‌ని పట్టే పీసీఆర్ టెస్ట్ చేయాల్సిందే. వెళ్ళేముందు హాస్పిటల్‌కి ఫోన్ చేసి విషయం చెప్పండి, విడిగా కూర్చోబెడతారు.

ప్రశ్న అడిగినవారు:
ఫోన్ చేశాం, రేపు పొద్దున రమ్మన్నారు. వాడు నోట్లో ఏమీ పెట్టుకోవట్లేదండి, అదే బాధగా ఉంది.

జవాబు 3:
గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించి ఉమ్మేయమనండి, రోజుకి నాలుగైదు సార్లు. కారం, పులుపు, వేడివి వద్దు. చల్లగా మెత్తగా ఉన్నవి కొంచెం కొంచెంగా ఇస్తూ, తినకపోయినా నీళ్ళు మాత్రం తాగేలా చూడండి. నొప్పికి ఏం వాడాలో ఆ హాస్పిటల్‌నే అడగండి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేయకండి, వైరస్ మీద అది పనిచేయదు. పాపని ఈ రాత్రి నుంచే వేరే గదిలో పడుకోబెట్టండి, అతని దుప్పటి, టవల్, గ్లాసు ఎవరూ ముట్టుకోకూడదు. ఎంపాక్స్ అని తేలితే చెక్కులన్నీ రాలి కింద కొత్త చర్మం వచ్చేదాకా ఇలాగే ఉండాలి. పొక్కులు గిల్లిన చేత్తో కన్ను నలపనివ్వకండి, కంటికి పాకితే చూపే దెబ్బతినవచ్చు. కన్ను ఎర్రబడినా, నీళ్ళు కూడా దిగకపోయినా, ఆయాసం వచ్చినా రేపటిదాకా ఆగకుండా ఇప్పుడే తీసుకెళ్ళండి.