ఊరి చివర కాలనీకి, కొండవాలు ఇంటికి తాజా కూరగాయలు చేరే దారి ఏది?

ప్రశ్న (పరదేశిపాలెం వైపు కాలనీవాసి)

సభ్యులందరికీ నమస్కారం. మూడేళ్ల క్రితం వరకు మా కుటుంబం విశాఖ కంచరపాలెంలో అద్దె ఇంట్లో ఉండేది. అక్కడ రైతుబజారుకు నడిచి వెళ్లి, సంచి నింపుకొని తిరిగి రావడానికి అరగంట చాలేది. సొంత ఇల్లు అన్న సంతోషంతో మధురవాడ దాటి ఇటు వచ్చాక, ఇంత పెద్ద నగరంలో ఉంటూ పావుకిలో బెండకాయల కోసం ప్రయాణం కట్టవలసి వస్తుందని అనుకోలేదు.

మాకు కొట్లు లేవని అనను. నడక దూరంలో నాలుగు కిరాణా కొట్లు ఉన్నాయి. బియ్యం, పప్పు, నూనె, గుడ్లు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఎప్పుడు వెళ్లినా దొరుకుతాయి; చిప్స్, బిస్కెట్లు, నూడుల్స్ పొట్లాలు గుమ్మానికి తోరణాల్లా వేలాడుతుంటాయి. టమాటా చవకగా ఉన్న రోజుల్లో కనబడి, ధర పెరిగిన మరునాడు మాయమవుతుంది. తోటకూర, బచ్చలి, గోంగూర మాత్రం ఆ కొట్లలో నేను ఇంతవరకు చూడలేదు. మధురవాడ రైతుబజారుకు వెళ్లాలంటే పెద్ద రోడ్డు దాకా ఒక ఆటో, అక్కడి నుంచి మరొక ఆటో ఎక్కాలి. రానుపోను ఛార్జీలు కలుపుకుంటే చవకగా కొన్నామన్న తృప్తి మిగలదు. మా అత్తగారికి మధుమేహం ఉంది. ఆకుకూరలు, కాయగూరలు ఎక్కువగా తినమని వైద్యులు చెప్పారు. ఆదివారం తెచ్చిన ఆకుకూర మంగళవారానికే పండిపోతోంది.

అమెరికాలో ఇటువంటి ప్రాంతాలను ‘ఆహార ఎడారులు’ అంటారని ఈ మధ్య చదివాను. ఆ మాట మన విశాఖకు వర్తిస్తుందా? కాలనీ సంఘం తరఫున నగరపాలక సంస్థకు వినతిపత్రం ఇవ్వాలనుకుంటున్నాం. అందులో సూపర్ మార్కెట్ కోరాలా, రైతుబజారు కోరాలా, మరేదైనా అడగాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాం.

సమాధానం (సీతమ్మధార, పట్టణ ప్రణాళిక విద్యార్థి)

ఆ మాట 1990ల తొలి సంవత్సరాల్లో స్కాట్లాండ్ పశ్చిమ ప్రాంతపు ప్రభుత్వ గృహసముదాయంలో నివసించేవారి నోట పుట్టిందని చెబుతారు. తరువాత అమెరికా వ్యవసాయ శాఖ దానికి కొలత ఏర్పరచింది. తక్కువ ఆదాయాల ప్రాంతమై, అందులో కనీసం 500 మంది గానీ, జనాభాలో మూడో వంతు గానీ పెద్ద కిరాణా దుకాణానికి దూరంగా ఉంటే దానిని ఆ జాబితాలో చేరుస్తారు. దూరం అంటే నగరంలో ఒక మైలు, పల్లెల్లో పది మైళ్లు దాటడం. మైలు మన లెక్కలో 1.6 కిలోమీటర్లు.

ఈ కొలబద్దను ఉన్నదున్నట్లుగా విశాఖ పటం మీద పెడితే లెక్క తప్పుతుంది. అక్కడ కొలిచేది పెద్ద దుకాణానికి ఉన్న దూరాన్ని. మన కూరలు తోపుడు బండి మీద, గంపలో, రోడ్డు పక్కన పరచిన గోనెపట్టా మీద కూడా వస్తాయి, అవేవీ ఆ లెక్కకు అందవు. అదీగాక ఆ మైలు చదును నేల మీది మైలు. ఆరిలోవ, మాధవధార, కంచరపాలెం కొండవాలుల్లో ఇళ్లు ఒకదాని మీద ఒకటిగా పైకి పాకాయి. పటంలో బజారుకు అరకిలోమీటరు దూరాన కనబడే ఇంటికి పది కిలోల సంచితో వంద మెట్లు ఎక్కవలసి రావచ్చు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఆ ఇల్లు మీ పరదేశిపాలెం కంటే దూరం. మన నగరంలో ఈ దూరాన్ని మెట్లతోనూ, ఆటో ఛార్జీతోనూ కొలవాలని నా అభిప్రాయం.

సూపర్ మార్కెట్ కోరే ముందు మరొక సంగతి గమనించండి. 2019లో వెలువడిన ఒక అమెరికన్ ఆర్థికశాస్త్ర పరిశోధన ప్రకారం, పేద కుటుంబాలకు సంపన్నులకు ఉన్న దుకాణాలు, ధరలే అందుబాటులోకి తెచ్చినా వారి ఆహారపు నాణ్యతలోని తేడా సుమారు పది శాతం మాత్రమే తగ్గుతుంది. మిగిలిన తేడా కొనేవారి అలవాట్ల నుంచి, ఎంపికల నుంచి వస్తోంది.

సమాధానం (కంచరపాలెం కొండవాలు, కిరాణా కొట్టు యజమాని)

అమ్మా, మీ వీధి కొట్లవాళ్లు ఆకుకూర ఎందుకు పెట్టరో నేను చెప్పగలను, ఎందుకంటే నేనూ పెట్టను.

ఒకప్పుడు పెట్టాను. తెల్లవారుజామున జ్ఞానాపురం టోకు మార్కెట్‌కు వెళ్లి, రెండు టమాటా క్రేట్లు, కొన్ని కట్టల ఆకుకూర, నాలుగైదు రకాల కాయలు వేయించుకొని ఆటోలో కొండ అడుగుకు చేర్చేవాడిని. అక్కడి నుంచి మా కొట్టు దాకా మోతకూలీ వేరు. మా దగ్గర కొనేవారిలో ఎక్కువమంది రోజు కూలీకి, ఓడరేవు వైపు పనులకు వెళ్లి రాత్రి ఏడు దాటాక ఇంటికి చేరతారు. ఉదయం నిగనిగలాడిన తోటకూర అప్పటికి తలవాల్చి ఉంటుంది; దానిని సగం ధరకు అడుగుతారు, అడగడంలో తప్పూ లేదు. మిగిలింది మేకలకు వేసేవాడిని. ఇక్కడి మేకలు ఆ రెండు నెలలూ బాగా బలిశాయి.

బిస్కెట్ పొట్లానికి నెలల తరబడి ఆయుష్షు ఉంటుంది. దానిని పంపిణీదారు వాహనంలో తెచ్చి ఇస్తాడు, అరువిస్తాడు, గడువు దాటితే చాలాసార్లు వెనక్కి తీసుకుంటాడు. ఆకుకూరకు ఆ సదుపాయాల్లో ఒక్కటీ లేదు. కుళ్లిన ప్రతి కట్టా నా జేబులోంచే పోతుంది. పైగా జనం బియ్యం, పప్పు ఖాతాలో రాయించుకొని జీతం రాగానే తీరుస్తారు గానీ, వండి తినేసిన గోంగూరకు నెలాఖరున డబ్బు ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పదు. అందుచేత మా వంటివాళ్లం ఉల్లి, బంగాళాదుంప దగ్గర ఆగిపోతాం.

పై సోదరుడు చెప్పిన అలవాటు మాట పూర్తిగా అబద్ధమని అనను గానీ, రాత్రి ఏడు గంటలకు కొట్టులో ఏది మిగిలి ఉంటుందో అదే అలవాటవుతుంది కదా.

సమాధానం (గోపాలపట్నం, విశ్రాంత ఉద్యోగి)

రైతుబజార్లు 1999 జనవరిలో మొదలైనప్పటి నుంచి ఉద్యోగరీత్యా వాటిని దగ్గరగా చూసినవాడిని. రైతుకు గుర్తింపు కార్డు ఇస్తారు. టోకు ధర కంటే కొంత ఎక్కువగా, బయటి చిల్లర ధర కంటే తక్కువగా ఆనాటి రేటు నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు నుంచి చీకటితోనే గంపలు, మూటలు దించే మహిళలే ఈ ఏర్పాటుకు ఆధారం. తొమ్మిది, పది గంటలకల్లా సరుకు అమ్ముడైపోతే వారు ఇంటికి వెళ్లి పొలం పని చూసుకోవాలి. కనుక వేల కుటుంబాలు నడిచి రాగల చోటికే వారు వస్తారు. మీ కాలనీకి శాశ్వత రైతుబజారు కోరితే స్థలం వెతకడానికే ఏళ్లు పడుతుంది. షెడ్డు కట్టాక కూడా రైతులు రాకపోవచ్చు.

అయితే బజారు కదలలేనిదేమీ కాదు. 2020 లాక్‌డౌన్‌లో గుంపులు చేరకూడదని రైతుబజార్లను మైదానాలకు మార్చారు, కూరగాయల వాహనాలను కాలనీలకు పంపారు. కనుక మీరు కోరవలసింది భవనం కాదని నా సూచన. నిర్ణీత రోజున, నిర్ణీత గంటకు, నిర్ణీత స్థలానికి వచ్చే వాహనాన్ని కోరండి. గంట అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. 2021 ఆరంభం నుంచి రాష్ట్రంలో 9,260 వాహనాలు రేషన్ సరుకులను వీధుల్లోకే తెచ్చాయి; ఇల్లు కదలలేని వృద్ధులకు అది మేలే చేసింది గానీ, మా వీధికి బండి వచ్చే వేళకు పనిలో ఉన్నవారు ఎన్నోసార్లు సరుకు అందుకోలేకపోయారు. 2025 జూన్ 1 నుంచి పంపిణీ మళ్లీ చౌకధరల దుకాణాలకు మారి, 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు మాత్రం ఇంటివద్ద అందిస్తున్నారు.

వినతిపత్రంలో 2014 నాటి వీధి వ్యాపారుల చట్టాన్ని తప్పక ప్రస్తావించండి. వార్డు లేదా నగర జనాభాలో రెండున్నర శాతం దాకా వ్యాపారులకు చోటు కల్పించేలా విక్రయ ప్రణాళిక ఉండాలని అది చెబుతుంది. ఆ చట్టం ప్రకారం ఏర్పడే పట్టణ విక్రయ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులు ఉండాలి. కొత్త కాలనీలు వేసేటప్పుడు రోడ్డు, పార్కు గీస్తారు, తోపుడు బండి నిలిచే చోటు గీయరు. మీ కాలనీ ముఖద్వారం దగ్గర నాలుగు బండ్లకు గుర్తించిన స్థలం, ఒక వీధిదీపం, నీటి కొళాయి అడగండి. సూపర్ మార్కెట్ కంటే తక్కువ ఖర్చుతో ఇవి సమకూరుతాయి.

సమాధానం (ఆరిలోవ, పొదుపు సంఘం సభ్యురాలు)

పరిశోధన అమెరికాది కనుక అక్కడి సంగతి నేను చెప్పలేను. అక్కడ దగ్గరలో దుకాణం లేకపోయినా కారు ఉన్నవారు దూరం వెళ్లి తెచ్చుకోగలరు. మాకు ఆకుకూర మీద ఇష్టం లేక కాదు, మెట్ల మీద మోయలేక మానేశాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు సిటీ బస్సులో ఛార్జీ లేదు కనుక డబ్బు మిగులుతోంది. బస్సు దిగాక కొండ ఎక్కడం మాత్రం మిగిలే ఉంది.

మా వీధి సంఘాలు మూడు కలిసి చేసిన పని చెబుతాను. ఒక బండివాడితో మాట్లాడి బుధ, శనివారాల్లో సాయంత్రం ఆరున్నరకు మెట్ల మొదట్లోకి రమ్మన్నాం. ముందురోజు రాత్రే ఎవరికి ఏమి కావాలో కాగితం మీద రాసి ఇస్తాం. అమ్ముడుపోతుందన్న భరోసా ఉండడంతో అతను ఆకుకూర ధైర్యంగా తెస్తున్నాడు. పైకి మోయడానికి సెలవు రోజుల్లో పిల్లలు సాయపడతారు, మిగతా రోజుల్లో మా తిప్పలు మావే. వానాకాలంలో రెండు మూడు వారాలు రాలేదు; అది కూడా చెప్పడం న్యాయం.

అడిగినవారి ప్రతిస్పందన

అందరికీ కృతజ్ఞతలు. సూపర్ మార్కెట్ మాట వినతిపత్రం నుంచి తీసివేస్తున్నాం. కిరాణా యజమాని గారు చెప్పింది చదివాక మా వీధి కొట్టు ఆయనను అడిగాను. ఆయన కూడా నష్టపోయి మానేశారట, మేకల సంగతి తప్ప మిగతాదంతా అదే కథ. ఈ ఆదివారం ఇంటింటికీ తిరిగి, వారానికి రెండు సాయంత్రాలు కచ్చితంగా కొంటామని చెప్పే కుటుంబాల జాబితా తయారుచేస్తాం. ఆరిలోవ సోదరికి ఒక ప్రశ్న: రాసి ఇచ్చిన కూర ఎవరైనా తీసుకోకపోతే ఆ నష్టం బండివాడు భరిస్తాడా, మీ సంఘం భరిస్తుందా?